మామునూరు దాటినంక ఫోన్

కండక్టర్ అన్నాక కరెంటు పాస్ కావాలి. వర్ధన్నపేట నుంచి హన్మకొండ మీదుగా కాజీపేట పోయే ఆర్డినరీ బస్సుకు జలాల్ కండక్టర్. అతనిలో అయిదు నెలలుగా ఏదీ పాస్ కావడం లేదు, చేతిలోంచి బస్ పాసులు తప్ప.

అంతకు ముందు ఆ మనిషే వేరు. ఇరవయ్యారేళ్ల సర్వీసులో బ్యాటరీ డౌనయిన బస్సులున్నాయి గానీ జలాల్ నోరు డౌనయిన రోజు లేదు. గొంతు ఎంత పెద్దదంటే, దారికి అడ్డంగా బర్రె నిలబడితే డ్రైవర్ కట్టయ్య హారన్ జోలికి పోకుండా "భాయ్, జర నువ్వే చెప్పు దానికి" అనేవాడు. ప్రతి స్టేజీకీ ఒక మాట కట్టి పెట్టుకున్నాడు. ఇల్లంద రాగానే కడ్డీ పట్టుకుని వేలాడుతూ, "ఇల్లంద! ఇల్లు అందేటోళ్లు దిగుండ్రి, అందనోళ్లు అద్దెకుండుండ్రి!" అని కేక. నవ్విన వాళ్లకు టికెట్టు, నవ్వని వాళ్లకు ఇంకో జోకు.

ఇంత నోరున్న మనిషికి పుట్టిన ఒక్కగానొక్క కూతురు సుమయ్యా. పందొమ్మిదేళ్లు. ఆటిజం. చప్పుడు ఆమెకు చెవిలో పడదు, చెంప మీద పడుతుంది. కుక్కర్ విజిల్, పక్కింటి బోరు మోటార్, ట్యూబులైటు లోపల మనకెవరికీ వినపడని జుయ్యిమనే రొద, అన్నీ దెబ్బలే. కొత్త కమీజు మెడ వెనక కుట్టిన చిన్న గుడ్డముక్క కూడా ఆమెకు ముల్లే. అన్నిటికంటే పెద్ద దెబ్బ తండ్రి గొంతు. వాకిట్లో అతని చెప్పుల చప్పుడు కాగానే రెండు అరచేతులూ చెవుల మీదికి పోయేవి. దెబ్బ తగిలితే లోకమంతా అనే మాట "అబ్బా". సుమయ్యా తండ్రిని పిలిచే పిలుపూ అదే. "రెండిట్ల ఏది అన్నదో నాకే సమజ్ కాదు" అని జలాల్ బస్సులో చెప్పి నలుగురినీ నవ్వించేవాడు. నవ్వించి నవ్వించి, అది నవ్వే మాట కాదన్న సంగతి మరిచిపోయాడు.

సుబేదారిలో ఇలాంటి పిల్లలకు, పెద్దయిపోయిన పిల్లలకు రమ మేడం ఒక సెంటర్ నడుపుతోంది. పొద్దున పదింటి నుంచి నాలుగింటి దాకా అక్కడ పెద్దపిల్లలు మందుల షాపుల కాగితం కవర్లు అంటిస్తారు. సుమయ్యా కాగితం మడిస్తే అంచు మీద అంచు వెంట్రుకవాసి తేడా లేకుండా పడుతుంది. కానీ సుబేదారికి పోవాలంటే బస్సెక్కాలి. బస్సు పేరెత్తితేనే మంచం కిందికి దూరేది. స్కూటర్ మీద కూర్చోబెడితే గాలి మొహం మీద కొడుతోందని నడిరోడ్డు మీద దిగిపోయేది.

దానికి రమ ఒక ఉపాయం చెప్పింది. కళ్లకు తొడుక్కునే నల్లటి డబ్బా. వర్చువల్ రియాలిటీ అని దాని పెద్దపేరు. లోపల బస్సుంటుంది. తల ఎటు తిప్పితే అటు కనపడుతుంది, కిటికీ, కప్పు, ముందు సీట్లో వాళ్ల జడలు. చప్పుడు మాత్రం మన చేతిలో ఉంటుంది. మొదట చీమ నడిచినంత పెట్టి, వారానికో గీత పెంచుకుంటూ పోవాలి. భయమేస్తే తీసి పక్కన పెట్టొచ్చు.

"ఇది మందు కాదు సార్, రిహార్సల్" అంది రమ. "నిజం బస్సు ఎక్కే ముందు అబద్ధం బస్సు ఎక్కించడం. ఈ కెమెరా మీ సీటు వెనక కిటికీ పక్కన పెట్టి, ఒక ట్రిప్పు మొత్తం తీసుకురండి. మీరు మాత్రం మాట్లాడకండి. బస్సు చప్పుడు చాలు."

"నోట్ల టికెట్ల మిషన్ పెట్టుకుంట మేడం" అని మాటిచ్చాడు జలాల్. అది ఫిబ్రవరి. బస్సు వర్ధన్నపేట బస్టాండు గేటు దాటకముందే మాట తప్పాడు. కాజీపేట దాకా ఒక్క స్టేజీ వదలలేదు. మధ్యలో ఇంటి నుంచి ఫోనొస్తే అదీ మాట్లాడాడు.

రమ విని తల పట్టుకుంది. మళ్లీ తీద్దామంది. అప్పుడు జలాల్ భార్య సుల్తానా బేగం అడ్డం పడింది.

"ఉండనియ్యండి మేడం. ఇంట్ల ఆయన గొంతు తగ్గించెతందుకు బటన్ లేదు. డబ్బాల ఉన్నది గద. గట్లనన్న నాయిన గొంతు అలవాటైతదేమొ పిల్లకు." మొగుడి వైపు తిరిగి, "ఇన్నేండ్లు సొంత డబ్బా కొట్టుకున్నవు. ఇగ డబ్బాలకే పోయినవు, ఖుషీయేనా?" అంది.

రోజూ మధ్యాహ్నం నమాజు అయ్యాక సుల్తానా కూతురికి డబ్బా తొడిగేది. డబ్బాలో వాసన రాదని రమ చెప్పిందని, జలాల్ ఉతకని ఖాకీ చొక్కా తెచ్చి పిల్ల ఒళ్లో పెట్టేది. డీజిలు, చెమట, చిల్లర నాణేల తుప్పు, అన్నీ ఆ చొక్కాలో ఉండేవి. జూన్ నాటికి చప్పుడు సగం గీతల దాకా వచ్చింది. జలాల్ ఒక్కసారి కూడా ఆ డబ్బా పెట్టుకుని చూడలేదు. నా మొహం నేను రోజూ బస్సు అద్దంలో చూస్తూనే ఉన్నా కదా అనేవాడు.

జూన్‌లో ఒక మంగళవారం సుల్తానా బియ్యం చెరుగుతూ చెరుగుతూ చాట మీదికే ఒరిగిపోయింది. దవాఖానకు చేర్చేసరికి అంతా అయిపోయింది. మట్టి వేసిన నాడు జలాల్‌కు ఏడుపు రాలేదు. మూడో నాడు రాలేదు. నలభయ్యో నాడు ఫాతిహాకు వచ్చినవాళ్లంతా ఏడుస్తుంటే అతను గ్లాసులు లెక్కపెడుతూ తిరిగాడు. ఏడుపే కాదు, ఆకలీ రాలేదు, కోపమూ రాలేదు. పైసల్లేకుండా ఎక్కే ఆడవాళ్లకు బస్సులో జీరో టికెట్టు కొట్టీ కొట్టీ తనకు లోపల కూడా అదే కొట్టుకున్నట్టుంది. ఎక్కడెక్కి ఎక్కడ దిగినా సున్నాయే. స్టేజీ వస్తే పేరు చెప్పేవాడు, అంతే. బర్రె అడ్డం వస్తే కట్టయ్యే హారన్ కొట్టుకునేవాడు.

పక్కింటి చిలుకమ్మ కూలికి పోవడం మానుకుని పగలంతా సుమయ్యాను చూసింది. డబ్బా తొడగడం, గీత పెంచడం, చొక్కా ఒళ్లో పెట్టడం, సుల్తానా చేసినవన్నీ చేసింది. నవంబరు వచ్చింది. పత్తి పగిలింది.

"జలాలూ, ఇగ నేను పత్తి ఏరవోవాలె. పంథిని దొరలు మాట్లాడుకున్నరు నన్ను. ఏమనుకోకు తమ్మీ" అంది.

"ఏమనుకుంట అక్కా. పో" అన్నాడు జలాల్.

అప్పటికి రెండే దారులు మిగిలాయి. సోమవారం నుంచి సుమయ్యా బస్సెక్కి సుబేదారి పోవడం ఒకటి. లేదంటే హైదరాబాద్‌లో ఒక హోం ఉంది, అక్కడే ఉంచుకుంటారు, నెలకొకసారి చూసి రావచ్చు. ఆ హోం ఫారం నింపి, సంతకం ఒక్కటి మిగిల్చి, జలాల్ టికెట్ల సంచిలో పెట్టుకున్నాడు. ఎక్కకపోతే సాయంత్రమే సంతకం. అది తలుచుకున్నా లోపల ఏమీ కదల్లేదు. ఆగిపోయిన బస్సు అద్దంలో చెట్లు కదలనట్టు.

సోమవారం ఎనిమిదింబావు బస్సు. జలాల్ బస్టాండులో జనం ఎగబడకముందే తన సీటు వెనక కిటికీ సీటు మీద దస్తీ వేశాడు. కూరగాయల గంపతో ఎక్కిన మొగిలమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"ఓ కండక్టర్ సాబ్! మేం దస్తీ ఏస్తే ఊకోవు, నువ్వే ఏస్తవా? గీ సీటుకు నువ్వేమన్న అల్లునివా?"

జలాల్ దస్తీ సరిచేశాడు. చిలుకమ్మ సుమయ్యాను భుజం తగలకుండా ముందు నడిపిస్తూ ఎక్కించింది. పిల్ల చెవుల మీద పెద్ద దొప్పల హెడ్‌ఫోన్స్, చేతుల్లో మడిచిన ఖాకీ చొక్కా. వచ్చి దస్తీ తీసి, కిటికీ పక్కన కూర్చుంది. ఇంజను స్టార్టయింది. బస్సు ఒళ్లంతా వణికింది. సుమయ్యా వణకలేదు. ముందు సీటు కడ్డీ వైపు చూసింది, కప్పు వైపు చూసింది, అన్నీ ఉండాల్సిన చోట ఉన్నాయో లేదో సరిచూసుకున్నట్టు.

"సూసినవా నా బిడ్డను!" అంది చిలుకమ్మ పక్కన కూర్చుంటూ.

చూశాడు. సంతోషపడాలని తెలుసు. టికెట్లు కొట్టుకుంటూ పోయాడు. "ఆధార్ కార్డులు చూపెట్టుండ్రి. ఆధార్."

ఇల్లంద వచ్చింది. "ఇల్లంద" అన్నాడు జలాల్. నలుగురు దిగారు. కట్టయ్య గేరు మార్చాడు.

సుమయ్యా తల ఎత్తింది. "ఇల్లంద" అంది.

బస్సు కదిలింది. "ఇల్లంద" అంది మళ్లీ, కొంచెం గట్టిగా. పిడికిలి బిగిసింది. తొడ మీద కొట్టుకోసాగింది, ఒకటి, ఒకటి, ఒకటి. "ఇల్లంద. ఇల్లంద. ఇల్లంద." తల వెళ్లి కిటికీ చట్రానికి తగిలింది. మళ్లీ తగిలింది. ముందు సీట్లలో జడలన్నీ వెనక్కి తిరిగాయి.

"పిల్లకు గాలి సోకిందా ఏంది?" అంది మొగిలమ్మ.

"నీ నోటికే సోకింది, మూస్కో" అంది చిలుకమ్మ. చట్రానికీ తలకూ మధ్య తన అరచెయ్యి అడ్డం పెట్టి, "జలాలూ! గీడ నువ్వు ఏదో అంటవు గద, గది అను జల్ది!" అని అరిచింది.

"ఏమంట?"

"డబ్బాల అంటవు గద! తొమ్మిది నెలలాయె, దినాం ఇంటాన. ఇల్లంద కాడ అంటవు, పంథిని కాడ అంటవు. పిల్లకు గది రావాలె. రాకపోతె ఇది తప్పు బస్సు అనుకుంటాంది."

"యాదికి లేదక్కా నాకు."

"నీకు లేకుంటె ఎట్ల? ఊరందరికి యాదున్నది!"

జలాల్ నోరు తెరిచాడు. తుప్పు పట్టిన తలుపు తీస్తే వచ్చే గొంతు వచ్చింది. "ఇల్లంద. ఇల్లు అందేటోళ్లు దిగుండ్రి. అందనోళ్లు అద్దెకుండుండ్రి."

పిడికిలి ఆగింది. కానీ తెరుచుకోలేదు. గొంతు చాల్లేదని అర్థమైంది. కడ్డీ పట్టుకుని, ఊపిరి పీల్చుకుని, పాత కొలతకు కేక వేశాడు. బస్సు దద్దరిల్లింది. సుమయ్యా చెవులు మూసుకోలేదు. వేళ్లు ఒక్కొక్కటే విప్పి చొక్కా మీద పరిచింది.

"ఇల్లంద దాటి కిలోమీటర్ అచ్చినంక దిగుమంటాండు!" అంది మొగిలమ్మ. "వర్ధన్నపేటల మింగిన మాట గీడ కక్కినవా సాబ్?" బస్సంతా నవ్వింది. ఆ నవ్వు జలాల్ మీద, రేకు మీద వాన పడ్డట్టు పడింది. చప్పుడు వినపడింది గానీ తడి తగల్లేదు.

పంథిని వచ్చింది. "పంథిని! పంతం పట్టినోళ్లు గీడనే దిగుండ్రి, అత్తగారింట్ల పంతం నడువది!" చిలుకమ్మ సద్దిమూట తీసుకుని లేచింది.

"ఇగ నువ్వే సూస్కో తమ్మీ. ఒక్కటి ఇడువకు. వరుస తప్పకు" అని దిగిపోయింది.

మామునూరు. "మామునూరు! మామల ఊరు! అల్లుండ్లు ఊకెనే దిగుండ్రి, టికెట్టు మామలిస్తరు!"

"మామలెందుకియ్యాలె, మాకు జీరో టికెట్టాయె!" ఒకామె అందుకుంది.

మాటలు వరుసగా వస్తున్నాయి. మిషన్ మీద మీట నొక్కితే కాగితం వచ్చినట్టు. నోటికి తెలిసిన పని నోరు చేసుకుపోతోంది. ఇక రంగశాయిపేట, వరంగల్, హన్మకొండ, సుబేదారి. నాలుగు మాటలు చాలు అనుకున్నాడు జలాల్.

"ఫోన్" అంది సుమయ్యా.

ఆడుకోవడానికి అడుగుతోందనుకుని జేబులోంచి ఫోన్ తీసి ఇచ్చాడు. ఆమె తీసుకోలేదు. "ఫోన్" అంది. పిడికిలి మళ్లీ బిగుసుకుంటోంది. "ఫోన్. ఫోన్." అతని చేతిని కాదు, ఫోన్‌నే ఒక వేలితో అతని చెవి వైపు తోసింది. తోసి, అతని గొంతులాగే గొంతు చేసి, "ఆఁ, చెప్పు" అంది.

అప్పుడు తెలిసింది జలాల్‌కు. ఆ రోజు మామునూరు దాటాక సుల్తానా ఫోన్ చేసింది.

కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. బస్సు నిండా జనం. సుమయ్యా తల వెళ్లి చట్రానికి ఒకసారి తగిలింది. చిలుకమ్మ చెయ్యి ఇప్పుడు లేదు అడ్డం. జలాల్ మోగని ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"ఆఁ, చెప్పు. డ్యూటీల ఉన్న..."

"ఉండు" అంది సుమయ్యా, వేలు పైకెత్తి. వేలు అలాగే ఉంది. బస్సు ఒక గుంతలో దిగి లేచింది. ఒక లారీ ఎదురొచ్చి పోయింది. అప్పుడు వేలు దించింది.

"డ్యూటీల ఉన్ననే. బస్సుల ఉన్న గని బస్సు కింద లేను."

వేలు లేచింది. ఈసారి చాలాసేపు. అవతల సుల్తానా మాట్లాడినంత సేపు. ఏం మాట్లాడింది? జలాల్ వెతికాడు. తన మాటలు ఉన్నాయి, కూతురు ఒక్కొక్కటీ అందిస్తోంది. సుల్తానా మాటలు ఉండాల్సిన చోట ఇంజను రొద ఉంది. అవతల ఎవరూ లేరు, అయినా ఉన్నట్టే విన్నాడు.

వేలు దిగింది. ఏమనాలో అతనికి గుర్తు రాలేదు.

"మెంతికూర" అందించింది సుమయ్యా.

"మెంతికూరనా? ఎంత తింటవే ఆ మెంతి! సరే, తెస్త తీ."

వేలు.

"నువ్వు తిన్నవా?"

వేలు. చిన్నదే.

"ఆఁ. పెడ్తాన."

ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. సుమయ్యా కిటికీలోంచి బయటికి చూస్తోంది, మిగతా ప్రయాణికుల్లాగే. ముందు అద్దంలోంచి కట్టయ్య చూపు జలాల్ మీద ఉంది. జూన్‌లో సుల్తానా డోలా మోసిన భుజాల్లో కట్టయ్య భుజం ఒకటి.

"ఎవల ఫోన్ భాయ్?"

"ఇంటికాడి నుంచి" అన్నాడు జలాల్.

కట్టయ్య రోడ్డు వైపు తిరిగి మళ్లీ వెనక్కి చూడలేదు.

సుబేదారిలో, "సుబే అచ్చినోళ్లకు ఇదే దారి, షామ్ పోయేటోళ్లకు ఇదే దారి!" అన్న కేక మీద సుమయ్యా మెట్లు దిగింది. రోడ్డు పక్కన నిలబడ్డ రమకు చప్పట్లు కొట్టాలనిపించి, చప్పట్లు చప్పుడని గుర్తొచ్చి, చేతులు గాల్లోనే ఆపేసింది.

"వచ్చేసింది సార్! మీరేంటి అలా ఉన్నారు?"

"అచ్చింది మేడం" అన్నాడు జలాల్. ఫోన్ సంగతి చెప్పాడు. కూరగాయల ధర చెప్పినట్టు చెప్పాడు.

రమ చేతులు దించింది. "కొన్నాళ్లకు ఒక్కో మాటా తగ్గించుకుంటూ పోదాం సార్. రోజూ మీకిది... ముందు ఆ ఫోన్ తీసేద్దామా?"

కట్టయ్య హారన్ కొట్టాడు.

"ముందు పంథిని తీసేద్దం మేడం. అది అంత మంచి జోకు గాదు" అని బస్సెక్కాడు జలాల్.

సాయంత్రం తిరుగు ప్రయాణంలో ఇంకో చిక్కు వచ్చింది. డబ్బాలో ఉన్నది పోయే దారే గాని వచ్చే దారి లేదు. సుమయ్యాకు మాటలు అదే వరుసలో రావాలి. అందుకని వర్ధన్నపేట పోయే బస్సులో, హన్మకొండ బస్టాండులో "ఇల్లంద!" అని కేక వెయ్యాల్సి వచ్చింది. నిద్రలో ఉన్న ఒక ముసలాయన సంచి పట్టుకుని నిజంగానే దిగబోయాడు. "మామునూరు!" రంగశాయిపేటలో వచ్చింది. ఫోన్ కూడా రంగశాయిపేటలోనే వచ్చింది.

గురువారం జలాల్‌కు వీక్లీ ఆఫ్. ఆ రోజు డ్యూటీ ఇంకో కండక్టర్ రాంప్రసాద్‌ది. అతనికి అన్నీ రాసివ్వాలి. ఇంటికి రాగానే సంచిలో చేతికి అందిన కాగితం తీశాడు. హోం ఫారం. తిప్పి, వెనక వైపు రాయడం మొదలుపెట్టాడు. సుమయ్యా పక్కన కూర్చుని, తప్పు రాసినచోట వేలు పెట్టింది. ఇల్లంద, పంథిని, మామునూరు. "మామునూరు దాటినంక ఫోన్" అని రాసి, కింద తన మాటలు రాశాడు. మాటకూ మాటకూ మధ్య గీత గీసి ఖాళీ వదిలాడు.

"అమ్మీ ఏమన్నదిరా గీడ?" అని అడిగాడు, ఖాళీ మీద పెన్ను పెట్టి.

సుమయ్యా ఖాళీ వైపు చూసింది. డబ్బాలో అది లేదు. "ఉండు" అంది.

ఉన్నాడు. పెన్ను అక్కడే ఉంది. కాసేపటికి ఆమె వేలు దించింది, అతను కింది మాట రాశాడు. "మెంతికూరనా?" రాంప్రసాద్‌కు అర్థం కాదేమోనని పక్కన "నవ్వుకుంట అనాలె" అని రాశాడు. రాసి, అది కొట్టేశాడు.

మంగళవారం ఎనిమిదింబావు బస్సు. దస్తీ వెయ్యాల్సిన పని పడలేదు, మొగిలమ్మే గంప పెట్టి సీటు ఆపింది. "నాకేం గాదు, నువ్వు గా ఇల్లంద ఇల్లంద కాడనే జెప్పు సాబ్, దాటినంక గాదు" అంది. ఇల్లంద దగ్గరే చెప్పాడు. పంథిని చెప్పాడు. మామునూరు చెప్పాడు, అల్లుళ్లు దిగారు, బస్సు కదిలింది.

సుమయ్యా అడగకముందే జలాల్ ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"ఆఁ, చెప్పు."

వెనక సీట్లలో ఎవరో పత్తి కూలి గురించి గట్టిగా గొడవ పడుతున్నారు. మొగిలమ్మ వెనక్కి తిరిగింది.

"ఏయ్, జర సప్పుడు జెయ్యకుండ్రి" అంది. "ఇంటికాడి నుంచి ఫోనచ్చింది ఆయినెకు."

గొడవ ఆగింది. సుమయ్యా వేలు ఇంకా పైనే ఉంది.